షావుకారు విలాయతి ప్రయాణానికి నేను ఎదురొచ్చిన సంగతి

ఉద్యోగమంటే మీరు కుర్చీ, బల్ల, ఫ్యాను అనుకుంటారు. నా ఉద్యోగానికి పొయ్యి, రోలు, ఊదుగొట్టం. సూర్యాపేటలో ఒక ఆముదాల షావుకారు ఇంట్లో ముప్పై ఏళ్ళ పైచిలుకు వంట చేశాను. నాకు చదువు రాదు, పేరు గీసేంత వరకే వచ్చు. నేను చెప్తుంటే మీరు రాసుకుంటున్నారు. నా గొంతు బొంగురు, పెద్దది కూడా, కాబట్టి పక్కింటివాళ్ళు కూడా వింటున్నారు. విననీ. దాచుకునే కథ కాదు.

ఇప్పుడు మీ ఇళ్ళలో ఎవరైనా దేశం దాటాలంటే రెండు పెట్టెలు సర్దుకుని పోతారు. పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు మా షావుకారు విలాయతికి పోవాలంటే ఊరంతా కలిసి సర్దింది.

ఆయన పోవడానికి కారణం ఆముదాలు. మన తలకు రాసుకునే ఆముదాన్ని అక్కడ యంత్రాలకు పోస్తారట. మధ్యలో బొంబాయి దలాలు తినేస్తున్నాడు, సరుకు నమూనా తీసుకుని మీరే వస్తే మీతోనే మాట్లాడతామని అక్కడి కంపెనీవాళ్ళు కబురు పెట్టారు. షావుకారుకు యాభై ఏళ్ళు, మంచి బొజ్జ. అప్పటిదాకా ఆయన చూసిన అతి పెద్ద నీళ్ళు మూసీ వాగు. వెంట ఇంగ్లీషు మాట్లాడడానికి హైదరాబాదులో చదువుకున్న మేనల్లుడు తయారయ్యాడు.

ఇక మొదలైంది పరేషాన్. అక్కడి చలికి ముక్కు ఊడి చేతిలోకి వస్తుందని ఒకడు చెప్పాడు. షావుకారు రోజూ తెల్లారి డాబా మీద చొక్కా లేకుండా కూర్చుని చలి అలవాటు చేసుకున్నాడు. పడిశెం పట్టింది. చలి అలవాటు కాలేదు గానీ తుమ్ములు అలవాటయ్యాయి. నేను ఏడు పాత చీరలు కలిపి బొంత కుట్టాను. అది మోయడానికి ఇద్దరు కావాలి.

తర్వాత ప్యాంటు. దర్జీ కుట్టి తెచ్చిన రోజే అది వేసుకుని కింద పీట మీద అన్నానికి కూర్చున్నాడు. టప్పుమని గుండీ పోయి పప్పుగిన్నెలో పడింది. మేనల్లుడు, "మామా, గాడ బల్ల మీద తింటరు, కింద కూసోరు" అని చెంచా ఇచ్చాడు. షావుకారు చెంచాతో పప్పన్నం తింటుంటే వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి కళ్ళొత్తుకుంది.

"ముసలోడు మందు మింగినట్టు మింగుతున్నడు నా కొడుకు! అన్నం తినెటోని చెయ్యికి ఏం రోగమొచ్చిందిరా?"

విలాయతిలో ఏ వస్తువు చేతికిచ్చినా "థాంక్యూ" అనాలట. అది అలవాటు కావాలని ఇంట్లో అందరితో అనడం మొదలుపెట్టాడు. నేను చారు పోస్తే థాంక్యూ. మజ్జిగ పోస్తే థాంక్యూ. ఆ మాటకు అర్థం నాకు తెలియదు. షావుకారమ్మను పక్కకు పిలిచి అడిగాను.

"అమ్మా, అయ్య నన్ను తిడుతున్నడా?"

"ఏమో తల్లీ, నన్ను గూడ అంటున్నడు. మొగుడు పెండ్లాన్ని తిట్టినట్టయితే లేదు" అంది ఆమె.

తిండి బాధ్యత నాది. ఓడలో, ఆ దేశంలో ఏం పెడతారో, దేంట్లో ఏం కలుపుతారో తెలియదు. మామిడికాయ తొక్కు, చింతకాయ తొక్కు, కారప్పొడి, సకినాలు, సత్తుపిండి, మలీద ముద్దలు. జాడీ మూతులకు మైనం పూసి, గుడ్డ కట్టి, ఆ గుడ్డ మీద మళ్ళీ మైనం పూయడం నాకు చేతనవుతుంది కాబట్టి నమూనా ఆముదం సీసాలకూ నాతోనే పూయించారు. అన్నీ ఒక పెద్ద ఇనుప పెట్టెలో, పత్తి మధ్య పెట్టి సర్దాను. అన్నింటికీ అడుగున, దేవుడి పటం కింద, పసుపు గుడ్డలో చుట్టిన పాస్‌పోర్టు. అక్కడ పెడితేనే భద్రమని షావుకారు తల్లి పట్టుబట్టింది. మేమంతా ఆమెను అవ్వ అనేవాళ్ళం. పిల్లలు మలీద ముద్దలకు చెయ్యి పెడుతున్నారని, పెట్టెకు గుప్పెడంత అలీగఢ్ తాళం వేయించి, తాళంచెవి నా నడుముకు కట్టించింది కూడా ఆమే.

"బండెక్కే దాన్క ఇది నీ నడుము దిగొద్దు" అంది.

నేను దింపలేదు. అక్కడే వచ్చింది తంటా.

ఎదురంటే ఏమిటో మీలో కొందరికి తెలియకపోవచ్చు. మనిషి ప్రయాణానికి గడప దాటినప్పుడు ముందు నుంచి ఎవరొస్తున్నారన్నది ఎదురు. ముత్తైదువ వస్తే మంచిది. నిండు బిందె వస్తే ఇంకా మంచిది. పిల్లి, కట్టెల మోపు, ఖాళీ బిందె చెడ్డవి. వీటన్నింటికంటే చెడ్డది ముండమోసిన ఆడది. అంటే నేను. నా మొగుడు జ్వరంతో పోయేనాటికి నాకు పద్దెనిమిదేళ్ళు కూడా నిండలేదు. మొగుడి అన్న, అంటే మా బావ, ఇంట్లో గొడ్ల కొట్టంలో పడుకుని, వాళ్ళు తిన్నాక గిన్నె అడుగున మిగిలింది గీక్కుని తినేదాన్ని. షావుకారమ్మ దయ తలచి వంటింట్లో పెట్టుకున్నాక కడుపునిండా తిండి, పడుకోవడానికి ఒక తలుపున్న గది దొరికాయి. తలుపుకు లోపలి నుంచి గొళ్ళెం కూడా ఉండేది. ఆ గొళ్ళెం విలువ మీకు చెప్పినా అర్థం కాదు.

ప్రయాణం దగ్గరపడగానే అవ్వ నన్ను పిలిచింది.

"ఇగో సూడు. నా కొడుకు సముద్రం దాటుతున్నడు. వాడు పొయ్యేనాడు నీ మొఖం వాని కండ్ల పడ్డదో, ఇగ ఈ గడప తొక్కకు. సీదా మీ బావ ఇంటికే నడువు."

"నేనెందుకు పడతనవ్వా, వంటింట్ల దాక్కుంట."

"దాక్కుంటే కుదరదు. నీకు పెద్ద గొంతు, తుమ్మినా బజారుకినపడతది. శనివారమే కోదాడకు పో, మీ చెల్లెలింటికి. ఆదివారం వాడు హైదరాబాదు దిక్కు పోతడు. నువ్వు తూర్పున, వాడు పడమట. పీడ వదులుతది."

అవ్వ కూడా ముండమోసిందే. కానీ కన్నతల్లి ఎదురొస్తే కొడుక్కు దోషం లేదట. శాస్త్రంలో ఉందని చెప్పింది. శాస్త్రమెప్పుడూ అవ్వ నోట్లోనే ఉండేది.

శనివారం తెల్లారగట్ల బస్సెక్కి, మునగాల మీదుగా కోదాడ చేరాను. శనివారం తూర్పుకు శూల, అంటే ఆ దిక్కు ప్రయాణం చేయకూడదు. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. వంటమనిషి శూల ఎవరు చూస్తారు?

షావుకారు శూల మాత్రం అదే సాయంత్రం అవ్వకు గుర్తొచ్చింది. ఆదివారం పడమటికి శూల! పంతులు ముహూర్తం చూశాడు గానీ దిక్కు చూడలేదు. అవ్వ ఆయన్ని ఇంటికి పిలిపించి నిలబెట్టి అడిగింది. ఆయన గొంతు సవరించుకుని, దానికేముందమ్మా, ప్రస్థానం పెడితే సరిపోతుందన్నాడు. అంటే ముహూర్తానికి శూల లేని దిక్కుకు బయలుదేరి, వేరేవాళ్ళింట్లో ఒక రాత్రి పడుకుని, మర్నాడు అక్కడి నుంచే అసలు ప్రయాణం మొదలుపెట్టడం. ఆదివారం తూర్పుకు శూల లేదు. తూర్పున ఎవరున్నారు? షావుకారమ్మ పుట్టిల్లుంది. ఎక్కడ? కోదాడలో.

నన్ను ఎక్కడికి పంపారో ఒక్కరికీ గుర్తు లేదు.

ఆదివారం పొద్దెక్కాక నేను మా చెల్లెలింటి నుంచి నీళ్ళకు బయలుదేరాను. చంకలో ఖాళీ బిందె. రోడ్డు దాటుతుంటే ఎదురుగా కిరాయి మోటారు. పైన నేను కుట్టిన బొంత, దాని పైన నేను సర్దిన పెట్టె. ముందు సీట్లో ప్యాంటు వేసుకున్న షావుకారు, వెనక అవ్వ, షావుకారమ్మ, మేనల్లుడు. ముండమోసింది, చేతిలో ఖాళీ బిందె! ఇంతకంటే చెడ్డ శకునం పంచాంగం మొత్తం వెతికినా దొరకదు.

మోటారు కీచుమని ఆగింది. వెనక సీట్లో నుంచి అవ్వ కేక.

"అయ్యో! అయ్యో! గీడెందుకు సచ్చినవే?"

"మీరే పంపిస్తిరి గదనవ్వా!"

"పంపిస్తే మాత్రం? రోడ్డు మీదికి రమ్మన్ననా?"

చెడ్డ ఎదురొస్తే దిగి, కాసేపు కూర్చుని, నీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరాలి. డ్రైవరు కోదాడవాడు, కొంచెం ఆంధ్ర యాస. తల బయటికి పెట్టి అడిగాడు.

"ఏవండీ, అందరం దిగాలా, షావుకారు గారొక్కరు దిగితే సరిపోద్దా?"

షావుకారు ఒక్కడే దిగాడు. మైలురాయి మీద కూర్చున్నాడు. అవ్వ చెంబెడు నీళ్ళిచ్చింది. "థాంక్యూ" అని గటగటా తాగాడు. అంతలో నేను భయంతో బిందె అక్కడే వదిలేసి గుంటలోకి దూకాను. మోటారు కదిలింది. గజం దూరం పోకముందే మళ్ళీ ఆగింది. రోడ్డు మధ్యలో నా ఖాళీ బిందె ఉంది. మళ్ళీ దిగాడు, మళ్ళీ మైలురాయి, మళ్ళీ చెంబెడు నీళ్ళు.

అవ్వ గుంట దగ్గరికొచ్చి, మొఖం పక్కకు తిప్పుకుని నాకు చెప్పింది.

"ఇది ప్రస్థానమే గన్క సరే. అసలు ప్రయాణం రేపు. మన ఆముదాల లారీ ఇప్పుడే మిర్యాలగూడ గోదాముకు పోతున్నది. ఎక్కి పో. వాడు హైదరాబాదు చేరిండని కబురొచ్చేదాన్క గాడనే ఉండు. ఇంకోసారి కనపడితే నిన్ను మీ బావకు నేనే అప్పజెప్త."

లారీ మీద బస్తాల పైన కూర్చుని హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ చేరాను. దారంతా బావ ఇంటి గొడ్ల కొట్టమే కళ్ళ ముందు. గోదాములో బస్తాలు కుట్టే హమాలీ ఆడవాళ్ళు నాకింత జొన్నరొట్టె పెట్టారు.

"ఏం తప్పు జేసినవక్కా, ఇంత దూరం తరిమిన్రు?" అని ఒకామె అడిగింది.

"మొఖముంది" అన్నాను.

సోమవారం పొద్దున బావి దగ్గర స్నానానికి కొంగు సవరిస్తుంటే నడుము దగ్గర చల్లగా తగిలింది. తాళంచెవి.

 పాస్‌పోర్టు పెట్టెలో, పెట్టె మోటారు మీద, మోటారు ఈపాటికి సూర్యాపేట దాటి హైదరాబాదు దారిలో ఉంటుంది. చెవి లేకుండా ఆయన బొంబాయిలో ఓడెక్కలేడు. పోనీ తాళం పగలగొడతారా అంటే, ప్రయాణంలో ఏదైనా పగలగొడితే అవ్వ ఊరుకోదు. నేను పరుగెత్తుకుంటూ పోయి ఇస్తే నా మొఖం కనపడుతుంది, నా పని పోతుంది. పోకపోతే ఆయన ప్రయాణమే పోతుంది, అప్పుడూ నా పనే పోతుంది. ఎటు చూసినా బావ ఇల్లే.

అలా ఆలోచిస్తూ గోదాము వాకిట్లో నిలబడ్డానో లేదో, గేటు దగ్గర మోటారు హారన్.

తర్వాత డ్రైవరు చెప్పాడు సంగతి. సోమవారం పొద్దున కోదాడలో మోటారెక్కబోతుంటే అవ్వకు ఇంకోటి గుర్తొచ్చిందట. ప్రస్థానం పెట్టిన మనిషి తిరిగి తన గడప చూడకూడదు. సూర్యాపేట రోడ్డు షావుకారు ఇంటి ముందు నుంచే పోతుంది. కళ్ళకు గంతలు కట్టి తీసుకుపోదామా అని మేనల్లుడు అడిగితే అవ్వ కాసేపు నిజంగానే ఆలోచించిందట. చివరికి మిర్యాలగూడ మీదుగా పోదామన్నారు. గోదాములో కొత్త పంట గింజలు కూడా నమూనాకు తీసుకోవచ్చు. నన్ను ఎక్కడికి పంపారో మళ్ళీ ఒక్కరికీ గుర్తు లేదు. దారిలో హుజూర్‌నగర్ దగ్గర పిల్లి అడ్డమొచ్చింది, షావుకారు ఇంకో చెంబు తాగాడు.

నేను ఒక్క దూకులో బస్తాల వెనక్కి పోయాను. అందరూ లోపలికొచ్చారు. గింజలు సంచిలో పోయించారు. పెట్టె దింపించారు. షావుకారు, "తాళంచెవి ఏది?" అన్నాడు.

"నీ పెండ్లాం కాడ ఉంటది" అంది అవ్వ.

"నాకెవరిచ్చిన్రు? అల్లుని జేబుల చూడున్రి" అంది షావుకారమ్మ.

"నా కాడ లేదత్తా. డ్రైవరును అడుగు" అన్నాడు మేనల్లుడు.

"ఏవండీ, నా దగ్గర బండి చెవే సరిగ్గా లేదండీ, మీ పెట్టె చెవి నాకెందుకు?" అన్నాడు డ్రైవరు.

"పగలగొడదామా అమ్మా?" అని షావుకారు అడిగాడు.

"పొయ్యే ముందట ఇనుము ఇరగ్గొడతవా? సముద్రం మీద పోతున్నవ్ బిడ్డా!" అని అవ్వ నెత్తి మీద చేతులు పెట్టుకుంది. అక్కడే ఆగిపోయింది. "అవ్వో... చెవి దాని నడుముకున్నది."

"అదెక్కడుంది?" అన్నాడు షావుకారు.

"మిర్యాలగూడకు పంపించినం."

"ఇది మిర్యాలగూడనే గద అత్తమ్మా!" అంది షావుకారమ్మ.

అందరూ కలిసి నన్ను పిలవడం మొదలుపెట్టారు. గోదాము మారుమోగింది. నేను పలకలేదు. కనపడొద్దన్నది వాళ్ళే. చివరికి బస్తాల పైనుంచి చెయ్యొక్కటే బయటికి పెట్టి చెవి ఊపాను.

"ఇసిరెయ్యి!" అన్నాడు మేనల్లుడు.

"ఇసరొద్దు! బస్తాల నడుమ పడితే దొరకదు" అంది అవ్వ. కాసేపు ఆలోచించి తీర్పు చెప్పింది. "కొంగు మొఖం నిండ కప్పుకో. ఎనుకకు తిరుగు. ఎనుకకెనుకకు నడుసుకుంట రా. మొఖం కనపడకుంటే ఎదురు కాదు."

వీపు వాళ్ళ వైపు, మొఖం గోడ వైపు, కళ్ళ మీద కొంగు. అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి నడిచాను. "జర ఎడమకు", "ఇంక జర కుడికి" అని అవ్వ బండి తోలినట్టు తోలుతోంది. హమాలీ ఆడవాళ్ళు నోట్లో కొంగు కుక్కుకున్నారు. అప్పుడే సంచిలో పోసిన ఆముదాలు నేల మీద కొన్ని ఒలికి ఉన్నాయి. ఆముదపు గింజ నున్నగా, జారుడుగా ఉంటుంది, చక్రం లాంటిది. నా కాలు వాటి మీద పడింది. ఇక నేను నడవలేదు. జారాను, గిర్రున తిరిగాను, కొంగు ఎటో పోయింది, దబ్బున కూలబడ్డాను. కళ్ళు తెరిచి చూస్తే షావుకారు బూట్ల ముందు కూర్చుని ఉన్నాను. నా మొఖం పైకి, ఆయన మొఖం కిందికి. ఇంత నిండైన ఎదురు సూర్యాపేట తాలూకాలో ఎవరికీ వచ్చి ఉండదు.

 నేను ఏడవడానికి తయారవుతూ చెయ్యి చాపి తాళంచెవి ఇచ్చాను.

ఆయన తీసుకున్నాడు. "థాంక్యూ" అన్నాడు.

ఆ మాట ఆయన నోటి నుంచి అలవాటు మీద వచ్చింది. వచ్చాక ఆయనకే నవ్వొచ్చింది. బొజ్జ ఊగింది, ప్యాంటు గుండీ మళ్ళీ టప్పుమంది. డ్రైవరు నవ్వాడు, హమాలీలు నవ్వారు, షావుకారమ్మ గోడ వైపు తిరిగి నవ్వింది. అవ్వ మాత్రం చెంబు పట్టుకుని వచ్చింది.

"కూసో బిడ్డా, నీళ్ళు తాగు."

"వద్దే అమ్మా! నిన్నటి సంది తాగుడే పనైంది. నా కడుపుల జాగ లేదు. ఎదురొస్తే వచ్చింది, తాళంచెవి గూడ వచ్చింది గద. ఇగ పోనియ్యి."

పెట్టె తెరిచారు, గింజల సంచి పెట్టారు, పాస్‌పోర్టు ఉందో లేదో చూసుకుని మూశారు. చెవి ఈసారి మేనల్లుడి మెడకు కట్టారు. తీరా మోటారు కదల్లేదు. తోయాలన్నాడు డ్రైవరు. హమాలీలతో పాటు నేనూ కొంగు బిగించాను. అవ్వ నా వైపు చూసి, "తొయ్యి తొయ్యి, ఎనుక నుంచి తోస్తె దోషం లేదు" అంది. విలాయతి ప్రయాణాన్ని నేను నా చేతులతో తోసి పంపాను. నల్లగొండ దాటేలోపు షావుకారు నీళ్ళ కోసం కాదు, తాగిన నీళ్ళ కోసం మోటారును చాలాసార్లు ఆపించాడని డ్రైవరు తర్వాత చెప్పాడు.

అవ్వ, షావుకారమ్మ, నేను ఒకే బస్సులో సూర్యాపేటకు తిరిగొచ్చాం.  ఇంటి ముందు దిగాక అవ్వ అంది: "వాడు మంచిగ తిరిగొచ్చేదాన్క ఉండు. ఏమన్న అయిందో, ఆ పొద్దే నీ మూట బయట."

ఆ నెలలన్నీ నేను ఎలా వంట చేశానో నాకే తెలియదు. గేటు చప్పుడైతే చాలు, కూరలో ఉప్పు రెండుసార్లు పడేది. ఓడలు ఎలా మునుగుతాయో ఇంటికొచ్చినవాళ్ళంతా చెప్పిపోయేవాళ్ళు. రాత్రి పడుకునే ముందు గొళ్ళెం వేసి, ఒకసారి చేత్తో తడిమి చూసుకునేదాన్ని. ఇంకెన్నాళ్ళో అని.

ఎండలు ముదిరాక వచ్చాడు. ముక్కు ఊడలేదు. ఇంకో చుట్టు లావయ్యాడు. కంపెనీవాళ్ళు ఆముదాలు నేరుగా కొంటామన్నారట. ఓడలో అందరూ వాంతులతో పడుకుంటే ఈయన చింతకాయ తొక్కు నాకుతూ కూర్చున్నాడట. మొదటి పూట పీట మీద కూర్చుని చేత్తో కలుపుకుని తిన్నాడు. నేను చారు పోస్తే ఏమీ అనలేదు. ఆ రోజు ఆ మాట కోసం నేనే కాస్త ఆగాను.

తర్వాత కొన్నాళ్ళకు కోర్టు పని మీద నల్లగొండకు బయలుదేరాడు. నేను అలవాటుగా వంటింట్లో దాక్కున్నాను. ఆయన చెప్పులేసుకుని వాకిట్లో నిలబడి కదలడం లేదు.

"ఏందిరా, పొద్దెక్కుతున్నది" అంది అవ్వ.

"అదేది? దాన్ని జర ముందుకు రమ్మను. విలాయతికి అదొస్తెనే గద పని అయింది."

అవ్వ మొఖం మీరు చూడాలి. శాస్త్రం గొంతులో అడ్డం పడ్డట్టయింది. ఆఖరికి వంటింటి వైపు కేకేసింది. "ఏమే, ఏడ సచ్చినవ్? ఎదురు రా!"

అప్పటి నుంచి నాకు రెండు పనులు. వంట చేయడం, ఎదురు రావడం. ముప్పై ఏళ్ళ వంటకు రాని పేరు ఒక్కసారి జారిపడినందుకు వచ్చింది. పరీక్షకు పోయే పిల్లలు, సంబంధానికి పోయేవాళ్ళు కూడా అడిగి పిలుచుకుపోయారు. అందరి పనీ కాలేదు. కానివాళ్ళు మళ్ళీ నన్నే తిట్టారు. అదీ ఉద్యోగంలో భాగమే.

అవ్వ పోయింది, చాలా ఏళ్ళకు షావుకారు కూడా పోయాడు. నాకు చూపు మందగించి, ఉప్పుకూ చక్కెరకూ తేడా తెలియని రోజొచ్చాక, కోదాడలో మా చెల్లెలింటికి పోతానని చెప్పాను. బయలుదేరే పొద్దున మూటతో వాకిట్లో నిలబడ్డాను. ఇంట్లో అందరూ వచ్చారు, షావుకారమ్మ రాలేదు. తలుపు వెనక ఆమె తెల్లచీర అంచు కనపడుతోంది.

"బయటికి రారేందమ్మా?" అన్నాను.

"ఎట్ల రావాలెనే? నా బతుకు గిట్లయింది. పొయ్యేటప్పుడు నేను ఎదురు రావొద్దు."

"మీరు రాకుంటే నేను కదల. నా ఎదురుకు విలాయతి దాన్క పోయొచ్చిన్రు. మీ ఎదురుకు నేను కోదాడ దాన్క పోనా?"

కాసేపటికి వచ్చింది. పాత అలవాటు, చేతిలో నీళ్ళ చెంబు. గేటు దాటి, ముందుకు పోయి, తిరిగి నా వైపు నడిచింది. మెల్లగా, మొఖం దాచుకోకుండా.

నేను కూర్చోలేదు, నీళ్ళూ తాగలేదు. "థాంక్యూ" అన్నాను. బస్సు వెంటనే దొరికింది, కిటికీ పక్క సీటు కూడా.